యాభైమూడో వారం

1982 జనవరి మొదటి మంగళవారం, సాయంత్రం. మద్దిలపాలెం బస్సు డిపో వెనక సందులో, ఓడ మీద ఇంజను పనికి వెళ్ళిన జోజి ఇల్లు. ఆ ఇంటికి ఎప్పుడొచ్చినా తిన్నగా వంటింట్లోకే నడిచే జోజి చిన్నాన్న యేసుదానం, ఓడల ఏజెంటు ఆఫీసులో గుమస్తా, ఇవాళ అరుగు దగ్గరే ఆగిపోయాడు. జోజి భార్య జయశీల గుమ్మంలో నిలబడి ఉంది.

“కాదు మావయ్యా, ఇక్కడే బాగుంటాది. లోపలంతా పొగ. కట్టెలు పచ్చివి.”

“పొగ నాకు కొత్తా అమ్మా? సరేలే, ఇక్కడే కూర్చుంటాను. నువ్వూ కూర్చో. నిలబడి వినే మాట కాదు.”

“పొయ్యి మీద పులుసు మరుగుతంది. నిలబడే వింటాను. సందువా సేపలు దొరికినాయి, మంచియి.”

“చందువా పులుసా? ఇవాళ?”

“ఏటి, ఇవాళైతే తినకూడదేటి?”

“తినాలమ్మా, తినాలి. నిన్నట్నుంచీ నువ్వు మంచినీళ్ళైనా ముట్టావో లేదో అనుకుంటూ వచ్చాను. పొయ్యి వెలిగించావు, అదే పదివేలు. పాపేది? అలికిడి లేదు.”

“భీమిలి పంపేసినాను. మాయమ్మ కాడికి.”

“మొన్నే కదమ్మా జ్వరం తగ్గింది. బస్సులో అంత దూరం ఎందుకు పంపావు?”

“తగ్గింది కాబట్టే పంపినాను. ఇక్కడుంటే ఊరికే వాగుతాది. అందరికీ అన్నీ సెప్పుద్ది.”

“ఏం చెబుతుంది, ఐదేళ్ళ పిల్ల?”

“ఏదో ఒకటి. పిల్లలు కాదేటి. మావయ్యా, నాన్చకండి. మీరు కండువా అంచు నలపడం మొదలెట్టారంటే నాకు గుండె జారిపోతంది.”

“బొంబాయి ఆఫీసు నుంచి మళ్ళీ ట్రంకాల్ వచ్చింది.”

“ఏటన్నారు?”

“లైను సరిగా లేదు. సముద్రం హోరు తప్ప మాట వినపడదు. అర్థమైనంత వరకు, షిప్పు మునిగేటప్పుడు పడవల్లోకి దిగినవాళ్ళని సింగపూరు పోతున్న ఓడేదో ఎక్కించుకుందట. పేర్లు వైర్‌లెస్‌లో సరిగా అందలేదు. సింగపూరు చేరాక చెబుతారు.”

“అయితే బతికినోళ్ళున్నారు.”

“ఉన్నారు. చాలామందే ఉన్నారట. దేవుడికి స్తోత్రం.”

“అందరూ దిగీసేరేటి?”

“అందరూ కాదమ్మా.”

“మరి?”

“పైన డెక్కు మీద ఉన్నవాళ్ళు దిగారు. బంకుల్లో పడుకున్నవాళ్ళు లేచి పరిగెత్తి దిగారు. కింద ఇంజను గదిలో డ్యూటీలో ఉన్నవాళ్ళే… షిప్పు ఒక్కసారిగా ఒరిగిపోయిందట. లోపల పోసిన ఖనిజం నీరు పట్టి, బురదై, ఓ పక్కకి జారిపోయింది. వాళ్ళకి మెట్లెక్కే టైము లేకపోయింది.”

“ఊఁ.”

“అప్పుడు అర్ధరాత్రి దాటింది. ఒకటో తారీఖు పోయి రెండో తారీఖు వచ్చింది.”

“ఊఁ.”

“అర్ధరాత్రి డ్యూటీ మనోడిదమ్మా. జాలారిపేట పైడయ్యది పొద్దుటి డ్యూటీ. ఇద్దరూ ఒకే ఇంజను దగ్గర, ఒకడి తరవాత ఒకడు. మద్రాసులో అలాగే వేసుకున్నారు.”

“ఆయన షిప్పులో ఉంటే కదా.”

“అదే. ఆ సంగతి మాట్లాడదామనే వచ్చాను.”

“మాట్లాడేదేటుంది? నిన్న మీరే సెప్పారు, షిప్పు సొంతదార్లు, ఆ జర్మనీవోళ్ళ లిస్టులో ఆయన పేరు లేదని. నిన్న మీ మొకం ఎలా ఎలిగిపోయిందో నాను సూడలేదేటి? పేరు లేనోడు ఎలా మునుగుతాడు?”

“పేరు లేదన్నది నిజమే. ఎందుకు లేదో ఇవాళ తెలిసింది.”

“ఎందుకంట?”

“వాడి అగ్రిమెంటు మీద నాలుగో క్వార్టరు ఆఖరు దాకా అని ఉంది. ఆ కంపెనీవాళ్ళకి ఏడాది జనవరితో మొదలు. వాళ్ళ నాలుగో క్వార్టరు డిసెంబరుతో అయిపోయింది. అందుకని ఒకటో తారీఖున రాసిన లిస్టులోంచి వాడి పేరు కొట్టేశారు. మనిషి ఇంజను పక్కనే నూనె పోస్తూ నిలబడి ఉన్నా సరే, కాయితం మీద లేడు.”

“మరి షిప్పుకి మనుసుల్ని పంపీ బొంబాయోళ్ళ లిస్టులో ఉందన్నారు?”

“వాళ్ళకి మనలాగే ఏప్రిల్‌లో మొదలమ్మా. నాలుగో క్వార్టరంటే వాళ్ళ లెక్కలో జనవరి నుంచి మార్చి. ఆ లెక్కన వాడింకా మూడు నెల్లు పనిలో ఉన్నాడు.”

“అంటే ఒకళ్ళ లెక్కలో ఉన్నాడు, ఒకళ్ళ లెక్కలో లేడు.”

“అంతే.”

“కుర్సీల్లో కూకుని ఒక మనిషిని ఎన్ని ముక్కలు సేత్తారు మావయ్యా మీరంతా? సందువాని కోసినట్టు.”

“నేను కొయ్యడం లేదమ్మా. కోసిన ముక్కలు అతికించి చూద్దామని వచ్చాను.”

“అయితే అతికించండి. ఆయన దిగీది ఒకటో వారం. మీరే సెప్పారు, క్రిస్మస్‌కి ముందు, ఇదే అరుగు మీద. కొలంబోలో బదిలీ మనిషి వత్తాడు, ఒకటో వారంలో, టెలెక్సు వచ్చింది అనీసి.”

“చెప్పాను. టెలెక్సులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను.”

“మరి జనవరి ఒకటో తారీకు ఒకటో వారం కాదేటి? సంటిపిల్లనడిగినా సెప్తాది.”

“కాదమ్మా.”

“కాకపోడమేటి? ఇదిగో, కేలండరు ఇక్కడే ఉంది మేకుకి. సూడండి. ఆదివారం డిసెంబరు ఇరవై ఏడు. అక్కడి నుంచి వరసగా రండి. శుక్రవారం ఒకటి, శనివారం రెండు. ఒకే వరస. ఆదివారం వారానికి మొదటి రోజు, ప్రభువు లేచిన రోజు అనీసి సండే స్కూల్లో మాకు నేర్పింది ఎవరు? మీరు కాదేటి? తప్పు సెప్తే తొడపాశం పెట్టీవోరు కూడాను.”

“పెట్టేవాణ్ణి. మన లెక్క అదే. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే వేశాను, మా పెద్ద గుమస్తా నవ్వాడు. ఆ దేశాల్లో వారం సోమవారంతో మొదలమ్మా. ఆదివారం ఆఖరు.”

“దేవుడి రోజుని ఆకర్న ఎట్టుకున్నారా? అందుకే మునిగేరు.”

“జయశీలా.”

“తప్పే. తప్పే. సెప్పండి.”

“ఇంకోటుంది. రెండేళ్ళ మధ్య పడ్డ వారం ఎవరిదీ అంటే, ఏ ఏడాదివి ఎక్కువ రోజులుంటే దానిది. ఇప్పుడు ఈ వారం చూడు. సోమ, మంగళ, బుధ, గురు, నాలుగూ పాతేడాదివి. శుక్ర, శని, ఆది, మూడే కొత్తవి.”

“ఏటివి, ఓట్లా?”

“ఓట్లే అనుకో. పాతేడాది గెలిచింది. అందుకని ఆ వారమంతా పాతేడాదిదే. యాభైమూడో వారం.”

“యాభైమూడెక్కడుంటాయి? ఏడాదికి యాభై రెండే.”

“ఐదారేళ్ళకోసారి యాభైమూడొస్తుంది. టెలెక్సులో మొదటిసారి చూసినప్పుడు టైపు తప్పనుకున్నాను. కాదు. నిజంగానే ఉంది.”

“అయితే జనవరి ఒకటి కూడా పాత సంవచ్చరమే అంటారు. ఆ రేత్రి చర్చిలో గంట కొట్టి, పాట పాడి, సేతులు పట్టుకుని ఊపుకున్నాం. పాస్టరుగారు ప్రతి ఒక్కరికీ బైబిలు మాట రాసిన వాగ్దానం చీటీ ఇచ్చేరు. అదంతా ఉత్తిదే?”

“ఉత్తిదని ఎవరన్నారు? మన పోర్టులో మార్చి ఆఖరు దాకా ఎనభై ఒకటి-ఎనభై రెండే అంటాం. ఏప్రిల్ వస్తే ఎనభై రెండు-ఎనభై మూడు. రోజు మారదమ్మా. సూర్యుడు ఒక్కడే. ఎవడి పుస్తకంలో వాడు గీత ఎక్కడ గీసుకుంటాడన్నదే తేడా.”

“మరి ఆళ్ళ ఒకటో వారం ఎప్పుడు మొదలైంది?”

“నిన్న.”

“నిన్నా?”

“నిన్న. సోమవారం.”

“నిన్న అంటే… మునిగిపోయిన తరవాత.”

“అవునమ్మా.”

“అయితే ఆయన లెక్కెట్టుకున్నది తప్పేనన్నమాట.”

“వాడు లెక్కెట్టుకున్నాడా? నీకు రాశాడా ఏమిటి?”

“లేదు లేదు. నాను. నాను లెక్కెట్టుకున్నది అన్నాను. నోరు తడబడింది.”

“నీ తప్పేం లేదు. ఎవరికైనా అలాగే తోస్తుంది. ఈ లెక్క తెలియని రోజుల్లో నేనెంత సుఖంగా ఉన్నానో.”

“మీరెందుకు సెప్పలేదు మావయ్యా? అప్పుడే, క్రిస్మస్ ముందే, ఒకటో వారం అంటే ఫలానా తారీకు అనీసి ఒక్క మాట?”

“తారీఖు ఎవరూ అడగలేదు కదమ్మా. నువ్వూ అడగలేదు. వారం అన్నారు, వారం చెప్పాను. ఇంతుందని ఎవరికి తెలుసు?”

“నాను ఆయనకి తంతి కొట్టినాను. మద్రాసు ఏజెంటు పేరు మీద.”

“తెలుసు. పాపకి టైఫాయిడ్ వచ్చినప్పుడు. పోస్టాఫీసులో రూపాయి తక్కువైతే పక్కింటి సుందర్ రాజ్ దగ్గర అప్పడిగావట.”

“ఆడు అదీ సెప్పేసేడా? అందులో ఏటి రాసానో అది కూడా సెప్పేడా?”

“లేదు. ఏం రాశావు?”

“పాపకి జొరం. ఒకటో వారం రండి. అంతే.”

“పిల్ల జబ్బు పడితే తండ్రికి కబురు పెట్టడం తప్పు కాదమ్మా.”

“తప్పని నానన్నానా? తప్పని నానన్నానా మావయ్యా? కాకి అరిస్తే కూడా ఈ ఇంట్లో తప్పు నాదే.”

“నిన్ననలేదు. ఎవరన్నారు నిన్ను?”

“ఎవరూ అన్లేదు.”

“ఏడుపొస్తే ఏడువు తల్లీ. నిన్నట్నుంచీ నీ కంట చుక్క రాలేదని సుందర్ రాజ్ భార్య భయపడుతోంది. బిగబట్టుకుంటే మంచిది కాదు.”

“ఆవిడికేటి పని? మా గోడకి సెవులు అతికించుకుని కూకుంటాది. అన్నం ఎన్ని గ్లాసులు పోసానో కూడా లెక్కెడతాది.”

“మంచిదే ఆవిడ. నేను సందులోకి రాగానే మజ్జిగ తెచ్చిచ్చింది. బస్సులోనూ అంతే, చేపలమ్మే ఆవిడొకతె గంప ఒళ్ళో పెట్టుకుని నాకు చోటిచ్చింది. నేను అడగలేదు. నా మొహంలో ఏం చదివిందో మరి. కంచరపాలెం నుంచి ఇక్కడి దాకా ఆ గంప నీళ్ళు ఆవిడ చీర మీదే కారాయి.”

“మీకెప్పుడూ ఎవరో ఒకరు సోటిస్తారు మావయ్యా.”

“ఇస్తారు. మీ చిన్నత్త పోయినప్పట్నుంచీ చూస్తున్నాను. సరే, జయశీలా, అసలు సంగతి. బొంబాయివాళ్ళకి నీ నోటి మాట ఒకటి కావాలి.”

“నా మాటా? ఏటది?”

“మనిషి ఇంటికి చేరాడా లేదా. రెండు లిస్టులూ కలవట్లేదు కదా. ఇంటికి రాలేదని నువ్వంటే, షిప్పులోనే ఉన్నట్టు. ఆఫీసు మూసేలోగా టెలెక్సు కొట్టాలి. మా మేనేజరు నరసింహమూర్తి గారు ఆపరేటర్ని ఇంటికి పోనివ్వకుండా కూర్చోబెట్టారు.”

“రాలేదంటే?”

“పోయినవాళ్ళలో రాస్తారు.”

“వచ్చేడంటే?”

“వస్తే ఇంకేం కావాలమ్మా. వచ్చాడని కొడతాం.”

“మీరే రాసీయండి ఏదో ఒకటి.”

“నేనెలా రాస్తాను? నువ్వు ఇంటి ఇల్లాలివి.”

“మీకు తెలీదేటి? ఆయనొస్తే మీకు కనబడకుండా ఉంటాడేటి?”

“ఉండడు. చిన్నప్పట్నుంచీ ఊళ్ళో దిగితే ముందు నా గుమ్మంలోకే. పెళ్ళయ్యాక కూడా, నువ్వు ఎన్ని మాటలన్నావో వాణ్ణి ఆ సంగతి మీద.”

“అనీదాన్ని. పెళ్ళాం కంటే సిన్నాన్నే ఎక్కువ అనీసి.”

“మీ చిన్నత్త పోయిన ఏడాది, సంచీ గుమ్మంలో పడేసి, చిన్నాన్నా అన్నముందా అన్నాడు. లేదు. ఎవరు వండుతారు? వాడే బియ్యం కడిగాడు. నేను నీళ్ళు ఎక్కువ పోశాను. ఇద్దరం ఆ జావ తిన్నాం. బాగుంది చిన్నాన్నా, షిప్పులో కంటే బాగుంది అన్నాడు.”

“సాలు మావయ్యా.”

“అబద్ధమే. అయినా అన్నాడు.”

“సాలన్నాను కదా! ఆపండి. ఆ గోడలకి కూడా వినబడతాది.”

“గోడలకేమిటమ్మా?”

“ఏటీ లేదు. మావయ్యా, ఒక మాటడుగుతాను. కోప్పడకూడదు.”

“అడుగు.”

“ఎవరైనా, బదిలీ మనిషి రాకముందే దిగిపోతే ఏటి సేత్తారు?”

“దిగిపోవడమేమిటి, సముద్రం మధ్యలోనా?”

“రేవులో. మద్రాసులో ఆగింది కదా. నా వారం వచ్చేసింది, నా పని అయిపోనాది అనుకుని ఎవడైనా సంచీ బుజానేసుకుని గేటు దాటేస్తే?”

“ఎవరికీ చెప్పకుండానా? పారిపోయినట్టు రాస్తారు. సీమన్ బుక్కు రద్దు. ఇంక జన్మలో ఏ షిప్పూ ఎక్కనివ్వరు. కేసు కూడా పెట్టొచ్చు.”

“కేసా?”

“పెట్టొచ్చు. కాని మద్రాసులో ఎవరూ తగ్గినట్టు మనకి కబురు లేదు. కెప్టెన్ పుస్తకంలో రాసుకున్నా, అది ఇప్పుడు నీళ్ళలో ఉంది. ఎందుకమ్మా ఇదంతా? జోజి అలాంటివాడు కాదు.”

“కాదు.”

“పని సగంలో వదిలి వచ్చేవాడు కాదు.”

“కాదనే కదా నానూ అంటన్నాను.”

“నిజం చెప్పనా? బస్సులో నేనూ అదే అనుకున్నాను. అలా చేసుంటే ఎంత బాగుణ్ణు అని. దేవుడా, వాణ్ణి దొంగని చెయ్యి, పని ఎగ్గొట్టినవాణ్ణి చెయ్యి, పోయినవాణ్ణి మాత్రం చెయ్యొద్దు అని. చర్చిలో పెద్దమనిషి చెయ్యాల్సిన ప్రార్థన కాదది.”

“మీరలా అనుకున్నారేటి?”

“అనుకున్నాను.”

“నిజంగా?”

“నీ మీదొట్టు. మా వంశంలో దొంగలు లేరు. ఉంటే ఉండనీ అనిపించింది.”

“మరి అలాంటిదే జరిగిందని మీకు తెలిసిందనుకోండి. టెలెక్సులో ఏటి కొడతారు?”

“ఏది తెలిస్తే అది కొడతాను. ఇంకేం కొడతాను?”

“ఒక్క రెండ్రోజులు ఆగి కొట్టొచ్చు కదా. తెలీనట్టు.”

“తెలిశాక తెలియనట్టు ఎలా కొట్టను తల్లీ? అది నా చేతనవుతుందా?”

“అవదు. మీవల్ల అవదు. నాకు తెలుసు. కొట్టు ముందర రెండు పైసలు ఎక్కువిచ్చేడని మళ్ళీ ఎండలో ఎనక్కి నడిచీ మనిసి మీరు. అందుకే…”

“అందుకే?”

“అందుకే అందరూ మిమ్మల్ని నమ్ముతారంటన్నాను.”

“చీకటి పడుతోంది. దీపం పెట్టుకోవేం లోపల?”

“పెడతాను. మీరెల్లాక.”

“సరే. నిన్ను ఇవాళ పీడించను. ఇంటివాళ్ళు మాట్లాడే స్థితిలో లేరు, రేపటి దాకా ఆగమని నరసింహమూర్తి గారితో చెబుతాను. ఆయనకీ ఆడపిల్లలున్నారు, అర్థం చేసుకుంటారు.”

“మంచిది మావయ్యా. అలా సెయ్యండి. రేపు కాకపోతే ఎల్లుండి.”

“ఎల్లుండికి సింగపూరు నుంచి పేర్లే వచ్చేస్తాయి. ఇంక నీ మాటతో పని ఉండదు. వస్తాను మరి. జాలారిపేట కూడా వెళ్ళాలి.”

“జాలారిపేటెందుకు?”

“పైడయ్య ఇంటికి. గంగాలమ్మకి కూడా ఎవరో చెప్పాలి కదా.”

“గంగాలమ్మకా? ఏటి సెప్తారు?”

“ఆవిడకి మంచి మాటే చెబుతాను. నిన్నట్నుంచీ పిల్లల్నేసుకుని ఇసకలోనే కూర్చుందట, తెప్పలొచ్చే చోట. ఎవరు పిలిచినా ఇంటికి రావడం లేదు. కింద డ్యూటీలో ఉన్నవాళ్ళే పోయారమ్మా, ఆ డ్యూటీ నీ మొగుడిది కాదు, వాడు బంకులో పడుకుని ఉన్నాడు, పడవలోకి దిగే ఉంటాడు అని చెబుతాను. లేచి ఇంటికి వెళ్ళి పిల్లలకి అన్నం పెట్టుకుంటుంది.”

“ఎల్లకండి.”

“ఏం?”

“ఇప్పుడొద్దు. రేపెల్లండి.”

“రేపటి దాకా ఇసకలో ఉండనివ్వమంటావా? బస్సుంది, ఎంతసేపు.”

“మావయ్యా, ఆ మాట మాత్రం సెప్పకండి ఆవిడికి.”

“ఏ మాట?”

“డ్యూటీ ఆయనది కాదు అన్న మాట. పడవలోకి దిగే ఉంటాడన్న మాట.”

“ఎందుకు చెప్పకూడదు? జయశీలా, మన ఇంట్లో దీపం ఆరిందని పక్కింట్లో కూడా ఉండకూడదా? నువ్వలాంటిదానివి కాదే.”

“అలా అనకండి. నన్నలా అనకండి మావయ్యా, మీ కాళ్ళకి దణ్ణమెడతాను.”

“మరి? ఒక మంచి మాట. ఖర్చు లేనిది. నిజమైనది.”

“నిజం కాపోతే?”

“ఎందుక్కాదు? మద్రాసులో వేసుకున్న డ్యూటీలు కొలంబో దాకా అవే. మారవు.”

“మారతాయి.”

“మారవమ్మా, నాకు తెలుసు.”

“మారినాయి.”

“మారినాయా? నీకెలా తెలుసు?”

“నాకేటి తెలుసు? నాకేటీ తెలీదు.”

“ఇటు చూడు. నా మొహం చూసి చెప్పు. షిప్పులో డ్యూటీ మారిన సంగతి మద్దిలపాలెంలో నీకెలా తెలిసింది?”

“అడక్కండి మావయ్యా. మీకు తెలిస్తే మీరు దాసలేరు. ఎల్లండి, మీ ఆపీసుకి ఎల్లండి. జాలారిపేట ఎల్లకండి.”

“గుమ్మానికి చేతులడ్డం పెడతావేంటి? నేనేమైనా లోపలికి తోసుకొస్తున్నానా?”

“మీ కోసం కాదు.”

“మరెవరి కోసం? అమ్మా… నీ వెనక ఆ తలుపు ఎవరు తీస్తున్నారు?”

“వద్దండీ. వద్దు, బైటికి రావద్దు. మీకు దండం పెడతాను, రావద్దు…”

“అడ్డులే, జయా. గంగాలమ్మకి ఆ మాట సెప్పకు సిన్నాన్నా. ఆ రేత్రి కిందకి దిగింది పైడయ్యే. బదిలీ మనిసొచ్చీదాకా నా డ్యూటీ కూడా నువ్వే సూడు బావా అనీసి ఆడి గెడ్డం పట్టుకుని బతిమాలింది నానే.”